గుడారం కొలతలు

కొత్త పుస్తకం చేతికి గట్టిగా తగులుతుంది. మా ఆయనది మెత్తగా తగలాలి. అందుకే పెట్టెలోంచి ఒక్కోటి తీసి ఇస్తున్నప్పుడు బొటనవేలితో అట్ట మూల నొక్కి చూస్తున్నాను, బజారులో పండు నొక్కి చూసినట్టు, ఎవరి కంటా పడకుండా. గట్టిగానే ఉంది, ఇచ్చాను. ఇదీ గట్టిగానే ఉంది. అన్నిటికీ ఒకే గోధుమరంగు కాగితం అట్ట, ఒకే మడత, ఒకే జిగురు వాసన. అన్నీ నా చేత్తో వేసినవే కాబట్టి కంటితో చూసి ఏది కొత్త బైబిలో ఏది ఆయన బైబిలో చెప్పడం నావల్ల కాదు. వ్యాన్ వెనక తలుపు తెరిచి ఉంది. నా ముందు ఒక పెట్టె, మరిది ముందు ఒక పెట్టె, ఎదురుగా గుడారాల వరసలు, వాటి మధ్య నడిచి నడిచి నున్నబడ్డ మట్టి దారి మీద జనం. మరిది ఇస్తున్నవాటిని నేను నొక్కి చూడలేను. అతను నవ్వుతూ, పలకరిస్తూ, పేకముక్కలు పంచినంత జోరుగా ఇచ్చేస్తున్నాడు. ఆయన పుస్తకం అతని పెట్టెలో ఉంటే ఈపాటికి ఎవరి చంకలోకో వెళ్ళిపోయి ఉంటుంది.

పొద్దున బల్ల ఖాళీగా కనపడినప్పుడు సంతోషించాను కూడా. ఎన్నాళ్ళుగానో ఆ బల్ల మీద కంచం పెట్టుకోవడానికి చోటు లేదు. బడి నుంచి రాగానే చేతులు కడుక్కుని కూర్చోవడం, మడవడం, జిగురు రాయడం, ఆరబెట్టడం. ఆయన ఉన్నప్పుడు ఇద్దరం చేసేవాళ్ళం. ఆయన కాగితం కత్తిరిస్తే నేను మడిచేదాన్ని, ఎందుకంటే ఆయన మడత ఎప్పుడూ ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. ఆయన వేసిన అట్ట చూస్తే తమ్ముడి చొక్కా తొడుక్కున్న పెద్దమనిషిలా ఉండేది. నిన్న నేను బడిలో ఉండగానే మరిది వచ్చి అన్నీ సర్ది తాళ్ళు కట్టేశాడు, మంచివాడు, అనుకున్నాను. అలా అనుకుంటూనే వ్యాన్ ఎక్కాను, వంతెన దాటాను, ఇక్కడ దిగాను. మరిది తాళ్ళు కోసి మొదటి పెట్టె మూత తీశాడు. జిగురు వాసన ముక్కుకి తగిలింది. అప్పుడు తెలిసింది 'అన్నీ' అంటే ఏమిటో. ఆస్పత్రిలో ఆయన పుస్తకానికి అట్ట ఊడిపోయింది. ఏళ్ళనాటి కాగితం, వేళ్ళు ఆనేచోట మరకలు, మూలలు పీచైపోయి. ఇంటికి తీసుకెళ్ళి కొత్తది వేసుకొస్తాను, రేపటికల్లా తెస్తాను అన్నాను. రెండువైపులా సమానంగా మడువు, నాలాగా కాదు, అన్నారు, ముక్కుకి గొట్టం పెట్టుకుని, ఆ గొట్టం వెనక నుంచే నవ్వుతూ. జిగురు ఆరేలోపు ఆయన వెళ్ళిపోయారు. ఇక ఆ పుస్తకాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళే పని లేకపోయింది. ఆరబెట్టినచోటే ఉండిపోయింది, గోడవైపు, ఉప్పుసీసా పక్కన. కొత్తవి వచ్చి దాని చుట్టూ చేరాయి. అది ఏదో నాకు తెలుసు కదా. మనకి తెలిసింది అందరికీ తెలుసనుకోవడం టీచర్లకి ఉండే జబ్బు.

మరిది రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. చెప్పొచ్చు. చెబితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. తల పట్టుకుంటాడు, పెట్టెలు బోర్లిస్తాడు, దారిన వెళ్ళిపోతున్నవాళ్ళని పిలిచి వాళ్ళ చేతుల్లోవి లాక్కుని ఒక్కోటీ తిరగేసి చూస్తాడు. అతనికి అన్నయ్య అంటే ప్రాణం. కానీ అది ఇక్కడ చేయకూడదు. గొడవల రోజుల్లో వంతెన దగ్గర కాపలావాళ్ళు పుస్తకాన్ని రెండు అట్టలూ పట్టుకుని తలకిందులుగా విదిలించేవాళ్ళు, లోపల ఏమైనా దాచారేమోనని. పుస్తకం అయ్యాక మూట, మూట అయ్యాక పిల్లల సంచీ, ఆ తర్వాత పిల్లలు. గొడవలు సద్దుమణిగాక మొదటిసారి ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు, అచ్చు తప్పులున్న పుస్తకం ఒకటి పెట్టెలో కలిసిపోయిందని గుర్తొచ్చి, అందరి ముందూ పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టారట. తల ఎత్తేసరికి వరస లేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ పరిగెత్తలేదు, తల్లులు పిల్లల్ని వెనక్కి తీసుకుని నెమ్మదిగా గుడారాల్లోకి వెళ్ళిపోయారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆయన. వాళ్ళ ముందు పుస్తకం విదిలించకూడదు, చేతిలో పెట్టింది వెనక్కి అడగకూడదు. ఆ రెండూ అప్పుడు పెట్టుకున్న నియమాలు. నియమం పెట్టుకున్న మనిషి పుస్తకమే ఇప్పుడు పెట్టెలో ఉంది. ఆయనకి చెబితే నవ్వేవారు. చెప్పాలి అనిపించి, అలవాటుగా పక్కకి చూశాను. మరిది.

అసలు ఈ అట్టలు కూడా ఆ వంతెన పుణ్యమే. అప్పట్లో బడి పుస్తకం తప్ప ఏది కనపడినా అనుమానమే, ఎవరు అచ్చేశారు, ఎవరికి తీసుకెళ్తున్నావు. అయితే బడి పుస్తకమే చేసేద్దాం అన్నాను నేను. గోధుమరంగు కాగితం అట్ట వేసి, చీటీ అంటించి, గుండ్రటి అక్షరాలతో లెక్కలు అనీ భూగోళం అనీ రాసేదాన్ని. అబద్ధం కదా అని ఆయన రెండు పూటలు నసిగారు. ఇందులో లెక్కలు లేవా, ఊళ్ళూ నదులూ లేవా అన్నాను. కత్తెర అందుకున్నారు. ఒకసారి ఒక కాపలావాడు సంచిలోంచి ఆయన సొంత పుస్తకాన్నే లాగి, చీటీ చదివి, అనుమానంగా తెరిచాడట. అది ఎప్పుడూ తెరుచుకునేచోటే తెరుచుకుంది. ఇన్ని మూరల పొడుగు, ఇన్ని మూరల వెడల్పు, యాభై, పది, పదకొండు. లెక్కలే, అని తిరిగిచ్చేశాడు. ఈ వయసులో లెక్కలేంటి అని కూడా అడిగాడట. మా ఆవిడ టీచరు, నన్ను పాసవ్వనివ్వట్లేదు, అన్నారట ఈయన. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను లేచి తలుపు గడియ వేసొచ్చాను. ఆయన మాత్రం మూడుసార్లు చెప్పుకుని మూడుసార్లు నవ్వుకున్నారు. గొడవలు అయిపోయాక ఇక దాచే పని లేదు కదా, నల్లటి మెరుపు అట్టల మీద బంగారు అక్షరాలతో ఉన్నవాటిని అలాగే తెచ్చారు. ఎవరూ చెయ్యి చాపలేదు. ఇది కాదండీ, మాకు ఆ గోధుమ అట్టది కావాలి, అన్నారు. మళ్ళీ మొదలు. పుస్తకాలు పంపే సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా బల్ల ముందు నిలబడి, ఇంత ఖరీదైన అట్టని ఎందుకమ్మా కప్పేస్తున్నారు అని బాధపడ్డారు. వాళ్ళకి ఇలాగే పరిచయమైందండీ, అన్నారు ఈయన.

గట్టిగా ఉంది. ఇచ్చాను. మాది ఈ మతం కాదండీ, తీసుకోవచ్చా అని ఒక పిల్లతల్లి అడిగింది. చదువుకోవచ్చు అన్నాను. ఆయనైతే ఇంకో ముక్క కలిపేవారు. నాకు ఆ ముక్క రాదు. ఆమె వెనక సున్నం మరకల చొక్కాతో ఒక మేస్త్రీ. పోయినసారి దుప్పటి ఇచ్చారు, ఈసారి పుస్తకం, రెంటిలో ఏది వెచ్చగా ఉంటుందో చూడాలి అన్నాడు. మరిది వెంటనే, "రెండూ కప్పుకో మేస్త్రీ, నిన్నెవరు ఆపారు" అన్నాడు. వరసంతా నవ్వింది. ఈ నవ్వేవాళ్ళంతా ఏటి అవతలివాళ్ళు. మా వైపు నుంచి పడ్డ బాంబులకి వీళ్ళ వీధులు కాలిపోయాయి, వీళ్ళ వైపు నుంచి పడ్డవాటికి మా బడి కప్పు పోయింది. ఇప్పటికీ నా మూడో తరగతి పిల్లలు వానొస్తే బెంచీలు ఒక మూలకి జరుపుకుంటారు, ఎవరూ చెప్పక్కర్లేకుండా. గొడవల చివర్లో మూసేసిన వంతెన తెరిచిన వారమే ఆయన మళ్ళీ ఇక్కడికి వచ్చారు. మన వీధిలో అందరికీ ఇచ్చేశారా అప్పుడే, అని చర్చిలో ఒకరు మెల్లగా అన్నారు. వంతెన తెరిచారుగా, అన్నారు ఈయన. ఆయనకి వాదించడం రాదు. ప్రసంగమూ రాదు. ఒక ఆదివారం పాస్టరు గారు బలవంతంగా నిలబెడితే, అందరూ బాగున్నారా అని అడిగి, కాసేపు నేల చూసి, మంచిది అని కూర్చున్నారు. పాట కూడా అంతే, మొదటి చరణంలోనే దారి తప్పి రెండో చరణంలో ఎక్కడో తేలేవారు. ఆయనకి వచ్చింది ఇవ్వడం ఒకటే.

అదీ తిన్నగా ఇచ్చేవారు కాదు. ముందు నీళ్ళు అడిగేవారు. గుడారం గుమ్మంలో నిలబడి, కాసిని నీళ్ళిస్తారా అని. ఎండలో నిజంగా దాహమేమో అనుకున్నాను మొదట్లో. ఒకసారి వానలో తడుస్తూ అడగడం చూశాను. ఈ గుడారాలకి దుప్పట్లొస్తాయి, గిన్నెలొస్తాయి, సబ్బులొస్తాయి, అందరూ ఇచ్చేవాళ్ళే, వీళ్ళని ఒకటి అడిగేవాళ్ళు లేరు, అన్నారు ఆ రోజు తల తుడుచుకుంటూ.  ఇచ్చిన ప్రతి గ్లాసూ తాగేవారు. అన్నయ్యతో వస్తే చెట్టుకొకసారి బండి ఆపాలి వదినా, అని మరిది నవ్వేవాడు. ఇవాళ మేం ఎవరినీ నీళ్ళు అడగలేదు. దిగాం, తాళ్ళు కోశాం, పంచుతున్నాం, దుప్పట్లవాళ్ళలాగే. పంచేది ఆయన కత్తిరించి పెట్టిన కాగితమే. ఆస్పత్రికి వెళ్ళే ముందు దగ్గుతూ దగ్గుతూ ఒక కట్ట కత్తిరించి పెట్టారు. ఈ పెట్టెలతో ఆ కట్ట అయిపోయింది. ఇంకో కట్ట ఎవరు కత్తిరిస్తారు, ఇవాళ్టితో ఈ పని ఆఖరు, అని నిన్ననే మనసులో అనుకున్నాను. మరిదికి ఇంకా చెప్పలేదు. నువ్వు నమ్ముతావా అని ఆయన నన్నెప్పుడూ అడగలేదు. పాస్టరు గారు అడిగారు ఒకసారి. హాజరు పలుకుతానండీ అన్నాను. ఆయన పోయాక హాజరు పలకడం కూడా కష్టంగానే ఉంది. చర్చిలో బెంచీ మీద ఆయన కూర్చునేచోట సంచి పెట్టుకుని కూర్చుంటున్నాను, ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని.

నాకు ఆ పుస్తకం కావాలి. మిగతా సామాను ఏదైనా ఎవరైనా తీసుకెళ్ళొచ్చు, చొక్కాలు మరిదికి ఇచ్చేశాను, గొడుగు పాస్టరు గారికి. ఆ ఒక్క పుస్తకం, అందులోనూ ఒకే ఒక్క చోటు. తుపాకులు మొదలైతే మెట్ల కింద సామాన్ల గదిలో దూరేవాళ్ళం. పగలో రాత్రో తెలిసేది కాదు అందులో. ఆ రోజుల్లో నాకు నిద్ర పూర్తిగా పోయింది. బడిలో నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ ఆగిపోయేదాన్ని, పిల్లలు మిగతా అక్షరం అందించేవాళ్ళు. ఏదైనా చదవండి అన్నాను ఆయన్ని. చదివారు. ఎవరో ఎవరినో చంపారు. అది వద్దన్నాను. ఇంకోచోట తెరిచారు, ఊరు తగలబడింది. వద్దన్నాను. ఇంకోచోట ఒక తల్లి ఏడుస్తోంది. ఎవరూ చావనిది, ఎవరూ ఏడవనిది ఒక్కటి లేదా మీ పుస్తకంలో, అన్నాను. చాలాసేపు పేజీలు తిప్పారు, కొవ్వొత్తి దగ్గరికి జరిగి. చివరికి, ఇది చూడు, ఇందులో మనుషులే లేరు, అన్నారు, పోయిన వస్తువు దొరికినవాడిలా. గుడారం కొలతలు. ఎడారి దారిలో ఉన్న జనం తమ దేవుడికి గుడారం ఎలా కుట్టాలో చెప్పే అధ్యాయం. తెరలు ఎన్ని, పొడుగెంత, వెడల్పెంత, తెర అంచుకి దారంతో చేసిన కొలుకులు ఎన్ని, ఒక తెర కొలుకుల్ని ఇంకో తెర కొలుకులకి కలిపే గుండీలు ఎన్ని, పైన కప్పే మేకబొచ్చు తెరలు, ఆ పైన తోళ్ళు, నిలబెట్టే పలకలు, పలకల కింద దిమ్మలు. బయట గోడలు కూలుతుంటే ఆయన గొంతు తీరిగ్గా ఒక్కో కొలుకునీ ఒక్కో గుండీకి తగిలించేది. నేను నిద్రపోయాను. అన్ని రోజుల తర్వాత, మోకాళ్ళు ముడుచుకుని, సామాన్ల మధ్య, నేను నిద్రపోయాను.

లేచాక పుస్తకం చూపించారు. పేజీ అంచున పెన్సిలుతో ఒక చుక్క. "ఇక్కడ దిగిపోయావు" అన్నారు, బస్సు కండక్టరులా. ఆ తర్వాత ఎన్ని చుక్కలో. కొలుకుల దగ్గర దిగిపోయినవి, మేకబొచ్చు దగ్గర దిగిపోయినవి. ఎప్పుడైనా పలకల దాకా వస్తే, ఇవాళ దూరం వచ్చావు, టికెట్టు ఎక్కువవుతుంది, అనేవారు. మధ్యలో ఆయన ఆగితే కళ్ళు తెరవకుండానే ఆపారేం అనేదాన్ని. నిద్రపోయావనుకున్నా, అనేవారు. ఇంకా లేదు, అనేదాన్ని. మళ్ళీ కొలుకు, మళ్ళీ గుండీ. నేను దిగిపోయాక ఏం చేస్తారు అని అడిగానొకసారి. ఖాళీ బండినే చివరిదాకా తీసుకెళ్తాను, మధ్యలో వదిలేస్తే బాగుండదు, అన్నారు. గొడవలు అయిపోయాయి, తుపాకులు ఆగాయి, కానీ ఈ అలవాటు ఆగలేదు. శాంతి వచ్చింది కదా ఇక నీ అంతట నువ్వు పడుకో అని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. చదివీ చదివీ పుస్తకం అక్కడే విరిగింది. ఎక్కడ పట్టుకుని వదిలినా అక్కడే తెరుచుకుంటుంది. ఆయన పోయాక నేనే చదువుకుందామని చూశాను, మన కొలతలు మనం చదువుకుంటే నిద్ర రాదు, కొలుకులు దాటకముందే మూసేసేదాన్ని. కానీ చుక్కల మీద వేలు పెడితే కాస్త నయంగా ఉండేది. ఆ చుక్కలు కావాలి నాకు. అంతే.

పెట్టె అడుగున చెయ్యి తగిలింది. ఖాళీ. నా పెట్టెల్లో లేదు. మరిది చివరి పెట్టెలో ఒకటి రెండు మిగిలాయి, అవి దూరం నుంచే తెలుస్తున్నాయి, కొత్తవాటికి ఉండే పొగరుతో అట్టలు పైకి లేచి ఉన్నాయి. అంటే వెళ్ళిపోయింది. ఈ వరసల్లో ఏదో ఒక గుడారంలో, ఏదో దుప్పటి మీద, ఏదో గిన్నె పక్కన ఉంది. రేపు ఎవరో పిల్లవాడు అట్ట మీద బొమ్మ వేస్తాడు, ఈలోగా ఎవరో చుక్కలు చూసి అచ్చులో మరక అనుకుంటారు. నాకు ఏడుపు రాలేదు. చేతులు దులుపుకున్నాను, పెట్టెలో ఏమీ లేకపోయినా. మరిది తాళ్ళు చుట్టుకుంటూ దగ్గరికొచ్చి, "నీళ్ళు అడగడం మర్చిపోయాం వదినా" అన్నాడు. అతని ముఖం చూశాను. దిగినప్పటి నుంచి అతనూ అన్నయ్య లేని సంగతే మోస్తున్నట్టున్నాడు. ఆ జోరూ, ఆ నవ్వులూ అందుకే కాబోలు.

అప్పుడు చూశాను. రెండో వరస చివరి గుడారం ముందు, గుమ్మం తెర పైకి ముడిచి, చాప మీద ఒక ముసలావిడ కూర్చుంది. ఒళ్ళో పుస్తకం. ఆవిడ దాన్ని పట్టుకోలేదు. రెండు చేతులూ మోకాళ్ళు పాముకుంటున్నాయి. పుస్తకం మాత్రం ఒళ్ళో వెల్లకిలా, రెండువైపులా సమానంగా, హాయిగా తెరుచుకుని ఉంది. కొత్త పుస్తకం అలా పడుకోదు. చెయ్యి తీస్తే మూసుకుపోతుంది, కొత్తగా బడిలో చేరిన పిల్ల నోరులాగా. అటు నడిచాను. ఏమని అడగాలి? తప్పుగా వచ్చింది, మార్చుకోండి అనాలా? చేతిలో పెట్టింది వెనక్కి అడగకూడదు. గుమ్మం ముందు నిలబడ్డాక నోటికి ఒక్కటే మాట వచ్చింది.

"కాసిని నీళ్ళిస్తారా అమ్మా?"

ఆవిడ తలెత్తి చూసింది. పుస్తకం పక్కన పెట్టి, నేల మీద చెయ్యి ఆనించి లేచి, కుండలోంచి గ్లాసు ముంచి తెచ్చింది. ఆ మాట అడిగే మనిషి ఒకాయన ఉండాలే, పుస్తకాలాయన, ఎప్పుడూ నా దగ్గరే తాగేవాడు, ఇవాళ రాలేదేం, అని అడిగింది. పోయారు, అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అందరికీ మరిదే చెప్పాడు, నేను పక్కన నిలబడి అవును అన్నాను, అంతే. చిన్న మాట. ఆవిడ నా చేతిలో గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసి, తీసుకుని, మళ్ళీ నింపి ఇచ్చింది. తాగాను. అప్పుడు నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నువ్వు టీచరమ్మవి కదూ" అంది. "అట్ట మడవడం రాదని తిడతావంటగా ఆయన్ని. చెప్పుకుని నవ్వేవాడు." చాప మీద చోటు చూపించింది. కూర్చున్నాను.

పోయినసారి ఆయన ఇచ్చింది వానకి తడిసి ఉబ్బిపోయిందట. అది మహా మొండిదట, తెరిచి రాయి పెట్టాల్సి వచ్చేదట. ఇది నయం, చెప్పినమాట వింటుంది, అని ఒళ్ళోకి తీసుకుని వదిలింది. తెరుచుకుంది. చుక్కలు కనపడ్డాయి. నా చేయి వెళ్ళబోయి ఆగింది. కళ్ళు ఆనట్లేదమ్మా, ఆయనైతే ఒక ముక్క చదివి వెళ్ళేవాడు, నువ్వు చదువుతావా, అంది. ఎక్కడ చదవమంటారు అని అడిగాను, తెలిసీ. అది ఎక్కడ తెరుచుకుంటే అక్కడే, అంది.

చదివాను. నా గొంతుతో ఆ కొలతలు ఎప్పుడూ వినలేదు, పైకి చదివితే వేరేగా ఉన్నాయి. మొదటి తెర, రెండో తెర, మూరలు. ఆవిడ మధ్యలో ఆపి, ఇది ఎవరి గుడారం అని అడిగింది. దేవుడిది అన్నాను. "దేవుడికి గుడారమా? ఇల్లు లేదా?" అప్పటికి లేదండీ, వాళ్ళంతా ఇంకా దారిలోనే ఉన్నారు, ఆయనా వాళ్ళతోనే, అన్నాను. ఆవిడ తల పైకెత్తి తన కప్పు చూసింది, అతుకుల మీద అతుకులు వేసిన నీలం టార్పాలిను. "అయితే మాలాగే" అంది, జాలిగా, తన మీద కాదు, ఆ దేవుడి మీద. మేకబొచ్చు తెరల దగ్గర మళ్ళీ ఆపింది. మేకబొచ్చయితే వాన దిగదు, అది మంచి పని చేశారు, అంది. ఆ రోజుల్లో మాకూ నిద్ర ఉండేది కాదు, మీ వైపు నుంచి పడుతుండేవి, అని కూడా అంది, మేకబొచ్చు గురించి చెప్పిన గొంతుతోనే. మాకూ, అన్నాను. తలూపింది. గోడకి ఆనినట్టు గుడారం కర్రకి ఆని కళ్ళు మూసుకుంది. నేను చదువుతున్నాను. కొలుకులు, గుండీలు. ఒక్కో చుక్కా దాటుతున్నాను, ఒక్కో మధ్యాహ్నం, ఒక్కో భయం, ఒక్కో నిద్ర. పలకల దగ్గర చివరి చుక్క వచ్చింది. దాని తర్వాత అంచు అంతా తెల్లగా ఉంది. ఆగాను.

ఆవిడ ఊపిరి నెమ్మదించింది. గుమ్మం దగ్గర నీడ పడితే తల తిప్పాను. మరిది. నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి, దాని అంచున చుక్కలు చూసి నిలబడిపోయాడు.  అతనికీ తెలుసు ఆ చుక్కలు, మా ఇంట్లో అందరికీ తెలుసు. అతని చేతిలో మిగిలిన కొత్త పుస్తకం ఉంది. దాన్ని నా వైపు చాచాడు. ఒకే గోధుమరంగు, ఒకే మడత. ఆవిడ నిద్రలో ఉంది. మార్చేస్తే ఆవిడకి తెలియదు, తెలిసినా, ఇదేం మళ్ళీ మూసుకుపోతోంది అనుకుని రాయి వెతుక్కుంటుంది, అంతే. ఏ నియమమూ తప్పినట్టు కాదు, అడగట్లేదు కదా. నా వేలు ఆ చివరి చుక్క మీద ఉంది. రెండో చేయి కొత్త పుస్తకం వైపు కొంచెం లేచింది కూడా, అది నిజం.

"ఆపావేమమ్మా?" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండా.

మరిది చేయి కిందికి దించాడు.  నిద్రపోయారనుకున్నాను, అన్నాను. అన్నయ్య గొంతు విన్నట్టు మరిది నన్ను చూశాడు. ఇంకా లేదులే, అంది ఆవిడ. చుక్క మీద నుంచి వేలు తీశాను. ఇక్కడి నుంచి నేనెప్పుడూ వినలేదు. ఖాళీ బండితో ఆయన ఒక్కరే వెళ్ళిన దారి ఇది. నెమ్మదిగా చదివాను. పలకలు నిలబడ్డాయి, వాటిని పట్టి ఉంచే అడ్డకర్రలు వచ్చాయి, లోపల గదిని వేరుచేసే తెర వచ్చింది, దీపం ఎటువైపు పెట్టాలో వచ్చింది. అన్నీ అయ్యాక, చిట్టచివర, గుమ్మం వచ్చింది. గుడారానికి గుమ్మం ఉంది, ఆ గుమ్మానికి నీలం, ఊదా, ఎరుపు దారాలతో కుట్టుపని చేసిన తెర ఉంది. ఇన్నేళ్ళు ఆ గుడారంలో నిద్రపోయాను, దానికి గుమ్మం ఉందని నాకు తెలియదు. ఆయన రోజూ అక్కడిదాకా వెళ్ళి, తెర దించి వచ్చి పడుకునేవారన్నమాట.

ఆవిడ నిజంగానే నిద్రపోయింది. కొత్తది నీ దగ్గరే ఉంచు, వచ్చే శనివారం మళ్ళీ వద్దాం, కాగితం నువ్వు కత్తిరించు, అన్నాను మరిదితో, గొంతు తగ్గించి. నేను సరిగ్గా కత్తిరించలేను వదినా, అన్నాడు. మడవడం నాది, అన్నాను. గ్లాసు కుండ మీద బోర్లించాను. పుస్తకాన్ని తెరిచినచోటే, ఆవిడ చేతికి అందేలా చాప మీద పెట్టాను. గుడారంలోకి కాస్త గాలి వచ్చింది, పైకి ముడిచిన తెర కదిలింది. పుస్తకం మూసుకోలేదు.